మొహమాటం అక్కర్లేని ఊరు: పెద్ద నగరపు సుఖానికి అలవాటు పడటం ఎందుకు కష్టం?

ఒడిశా-ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మేముండే వీధిలో ఇంటికొకరు ఊరు దాటారు, కొన్ని ఇళ్ళ పిల్లలు దేశమే దాటారు. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురంలోని తెలుగు ఇళ్ళల్లోనూ ఇప్పుడు ఇదే మాట. సింగపూరో దుబాయో వెళ్ళిన కొత్తలో పిల్లలు ఫోన్ చేసి "మెట్లు దిగితే అన్నీ ఉన్నాయమ్మా, ఏ ఇబ్బందీ లేదు" అంటారు. మూడో నెలకి ఆ గొంతే నీరసంగా వినిపిస్తుంది. ఇక్కడ కన్నవాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. కరెంటు పోదు, కుళాయి ఆగదు, రైలు ఆలస్యం కాదు, మరి పిల్లకి ఏం తక్కువైనట్టు?

"కష్టానికి అలవాటు పడాలంటే అర్థముంది. సుఖానికి కూడా అలవాటు పడాలా?" అని మా పక్కింటి పిన్ని నన్ను సూటిగా అడిగింది. వాళ్ళమ్మాయి సింగపూర్‌లో ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు నెలలు. నేను ఆ ఊళ్ళోనే ఆరేళ్ళుండి వచ్చినదాన్ని, అయినా ఆవేళ సమాధానం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నను విడదీసి చూడాలన్నదే ఈ ప్రయత్నం.

సౌకర్యం అన్న మాటలో ఏమేం ఉన్నాయి

ఏ పని జరగాలన్నా మన దగ్గర్నుంచి కొంత ఖర్చవుతుంది. డబ్బు సంగతి అలా ఉంచితే, టైము ఒకటి, ఒంటి శ్రమ ఒకటి. ఈ రెండూ అందరికీ కనిపిస్తాయి. మూడోది కనిపించదు. అది ఇంకో మనిషిని అడగవలసి రావడం. దీనికి తెలుగులో చక్కటి మాటే ఉంది: మొహమాటం.

గేసు బండ హఠాత్తుగా అయిపోతే పక్కింట్లో అడగడం, ఆసుపత్రిలో తెలిసిన కాంపౌండరుని పట్టుకోవడం, సైకిల్ మీద పోతున్న కుర్రాణ్ణి ఆపి "బాబూ, కొట్టుకేనా?" అనడం, ఇవన్నీ మొహమాటంతో జరిగే పనులు. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకి ఇది ఇంకో పాలు ఎక్కువ. ఆఫీసు కాగితం ఒడియాలో వస్తుంది, ఇంట్లో మాట తెలుగు. మా నాన్నగారు తెలుగు మీడియంలో చదివారు. ఏ నోటీసు వచ్చినా రిటైరైన ఒక ఒడియా మాస్టారింటికి పట్టుకెళ్ళేవారు, వెళ్ళేటప్పుడు అరడజను అరటిపళ్ళు చేతిలో ఉండేవి. మాస్టారు చదివి చెప్పేవారు, టీ తాగించేవారు. పని అయిపోయేది. దాంతోపాటు ఒక చిన్న ఋణం మిగిలేది. ఆ ఋణం తీర్చడానికి మాస్టారి మనవరాలి పెళ్ళిలో నాన్నగారు మూడు రోజులు వంటశాల దగ్గరే ఉన్నారు.

పెద్ద నగరం ఇచ్చే సౌకర్యంలో టైము మిగులుతుంది, ఒంటి శ్రమ కొంత తగ్గుతుంది. అసలు పెద్ద మార్పు మూడోదాంట్లో వస్తుంది. అక్కడ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. బస్సు ఎప్పుడొస్తుందో ఫోను చెబుతుంది, దారి బోర్డు చెబుతుంది, ధర చీటీ చెబుతుంది. మొహమాటం ఖర్చు దాదాపు సున్నా అవుతుంది. వెళ్ళిన కొత్తలో తేలిగ్గా ఉండేదీ ఇదే, మూడో నెల గొంతు నీరసం కావడానికి కారణమూ ఇదే.

అలవాటు పడటంలో కూడా రెండు దశలున్నాయి. చేతికి అలవాటు కావడం నెల రోజుల పని. కార్డు ఎక్కడ ఆనించాలి, ఏ బటన్ నొక్కాలి, అంతే. మనసుకి అలవాటు కావడం వేరు. ఎవర్నీ అడగకుండా గడిచిన రోజుని మంచి రోజని అనుకోగలగడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మూడు నిమిషాలకో రైలు ఎలా వస్తుంది

సింగపూర్‌ని చూసి "వాళ్ళకి క్రమశిక్షణ ఉంది, మనకి లేదు" అని తేల్చేయడం చాలా మందికి అలవాటు. క్రమశిక్షణ ఉన్నమాట నిజం. కానీ ముందు లెక్క చూడాలి. పర్లాకిమిడి ఉన్న మన గజపతి జిల్లా 4,325 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో మనం 5.77 లక్షల మందిమి, అంటే చదరపు కిలోమీటరుకి సుమారు 134 మంది. సింగపూర్ మొత్తం దేశం కలిపినా 735 చదరపు కిలోమీటర్ల చుట్టుపక్కలే. అందులో 60 లక్షల మంది. చదరపు కిలోమీటరుకి 8,000 పైమాటే.

అంతమంది అంత దగ్గరగా ఉన్నప్పుడు ఒక రైలు స్టేషన్‌కి పది నిమిషాల నడకలో వేలాది మంది దొరుకుతారు. రద్దీ వేళల్లో రెండు మూడు నిమిషాలకో రైలు వేసినా నిండుతుంది. 1987లో మొదలైన వాళ్ళ నగర రైలు, ఎంఆర్‌టీ, ఈ లెక్క మీదే నడుస్తోంది. ఇళ్ళ సంగతీ అంతే. 1960లో హెచ్‌డీబీ అనే గృహనిర్మాణ సంస్థ పెట్టారు. ఇవాళ అక్కడ స్థిరపడ్డ వాళ్ళలో అయిదుగురికి నలుగురు దాకా ఆ సంస్థ కట్టిన అపార్టుమెంట్లలోనే ఉంటారు. ఒక బ్లాకులో వందలాది కుటుంబాలుంటే, కింద కొట్టు, క్లినిక్కు, బస్టాపు వాటంతటవే గిట్టుబాటవుతాయి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అక్కడ కారు కొనాలంటే ముందు కారు ఉంచుకునే హక్కు పత్రం వేలంలో కొనాలి. 1990 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఆ పత్రం పదేళ్ళే చెల్లుతుంది. ఈ మధ్య సంవత్సరాల్లో దాని ధర ఒక్కోసారి లక్ష సింగపూర్ డాలర్లు దాటింది. ఆ డాలరు 65 రూపాయలనుకుంటే, కారు ధర కాకుండానే 65 లక్షలు! రైలు అంత సుఖంగా ఉండటానికి కారు అంత కష్టం కావడం కూడా ఒక కారణం. ఒకచోట ఇబ్బంది పెంచి, ఇంకోచోట తగ్గించారు. పెద్ద నగరాల సౌకర్యాలు చాలావరకు ఇలాంటి బేరాలే.

మా ఇంట్లో పెద్దవాళ్ళు నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు గురించి చెప్పేవారు. పొలాల మధ్య మెల్లగా పోయేది, పరిగెత్తుకొచ్చే మనిషి కనిపిస్తే గార్డు చెయ్యి ఊపి ఎక్కించుకునేవాడట. 2004లో ఆ చిన్న పట్టాలు మూసేశారు. తర్వాత పెద్ద పట్టాల లైను వేసి, 2011లో రైలుని గుణుపురం దాకా నడిపారు. ఎంఆర్‌టీ తలుపు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఆగకపోయినా ఎవరికీ కోపం రాదు, మూడు నిమిషాల్లో ఇంకోటొస్తుంది కాబట్టి. గార్డు దయ అవసరమైన రైలు ఒకటి, ఎవరి దయా అవసరం లేని రైలు ఇంకోటి. రెండూ మనిషిని గమ్యం చేరుస్తాయి. చేరిన మనిషి మనసులో మిగిలేది వేరు.

పని ఎక్కడికి పోయింది: కిలో కందిపప్పు లెక్క

సౌకర్యం వల్ల పని మాయమవుతుందని అనుకుంటాం. నిజానికి చాలాసార్లు అది చేతులు మారుతుందంతే. ఒక చిన్న ఉదాహరణ వేసుకుందాం. కిలో కందిపప్పు, ఒక కొత్తిమీర కట్ట, అరడజను గుడ్లు కావాలి.

పర్లాకిమిడిలో కొట్టుకి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడతాను. కొట్టు ఆయన పప్పు తూచి, పొట్లం కట్టి, గుడ్లు ఒక్కోటీ బల్బు వెలుగులో చూసి కాగితంలో చుడతాడు. కొత్తిమీర వాడిపోయిందని తనే చెప్పి ఇవ్వడు. డబ్బులు తక్కువైతే పద్దు పుస్తకంలో రాసుకుంటాడు. అరగంట పడుతుంది. అందులో ఇరవై నిమిషాలు కబుర్లే. ఇక్కడ నా పని అడగడం ఒక్కటే. వెతకడం, ఎంచడం, తూచడం, మోసపోకుండా చూడటం, అప్పివ్వడం, అన్నీ ఆయన పనులు.

సింగపూర్‌లో మా బ్లాకు కింద సూపర్‌మార్కెట్‌లో అదే సరుకు పది నిమిషాల్లో అయిపోయేది. కానీ ఆ పది నిమిషాల్లో వెతికింది నేను, చీటీ చదివింది నేను, తేదీ చూసుకుంది నేను, మెషీన్ ముందు ఒక్కో పేకెట్టూ చూపించి బిల్లు చేసుకుంది నేను, సంచిలో సర్దుకుంది నేను. సంచి తీసుకెళ్ళడం మర్చిపోతే 2023 జూలై నుంచి పెద్ద సూపర్‌మార్కెట్లలో ప్లాస్టిక్ సంచికి కనీసం 5 సెంట్లు కూడా కట్టాలి. కొట్టు ఆయన చేసే అయిదారు పనుల్లో సగం నాకొచ్చాయి, మిగతావి మెషీన్‌కి పోయాయి. కబుర్లు మాత్రం ఎవరికీ పోలేదు. అవి లేకుండా పోయాయి.

మొదటి వారం జరిగింది ఇప్పటికీ గుర్తే. బిల్లు మెషీన్ మీద గుడ్ల అట్ట పెట్టాను. ఎర్ర లైటు వెలిగి మెషీన్ ఆగిపోయింది. నా వెనక నలుగురు. నేను ఏదో తప్పు చేశానని ఒళ్ళంతా చెమటలు పట్టేశాయి. యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి వచ్చింది, మెడలో కార్డు మెషీన్‌కి ఆనించింది, ఏదో నొక్కింది, వెళ్ళిపోయింది. నా మొహంలోకి చూడలేదు. విసుక్కోనూ లేదు. వెనక ఉన్న నలుగురూ ఫోన్లలోంచి తలెత్తలేదు. మన దగ్గరైతే ఎవరో ఒకరు "ఇలా పెట్టండమ్మా" అనేవారు, ఇంకొకరు నవ్వేవారు, నాకు సిగ్గేసేది. అక్కడ సిగ్గు పడే అవసరమే రాలేదు. ఆ రాత్రి మాత్రం ఎందుకో చాలాసేపు నిద్ర పట్టలేదు.

రూపాయల్లోకి మార్చి చూస్తే ఏమవుతుంది

కొత్తగా వెళ్ళిన ప్రతివాళ్ళూ ఏ ధర చూసినా మనసులో రూపాయల్లోకి మారుస్తారు. కాఫీ డాలరున్నర, అంటే 97 రూపాయలు. అమ్మో అని గ్లాసు కింద పెట్టేస్తారు. ఈ లెక్క తప్పు కాదు, కానీ సగమే. మిగతా సగం తెలియాలంటే డబ్బుని పని గంటల్లోకి మార్చి చూడాలి.

లెక్క తేలిగ్గా ఉండటానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఒకమ్మాయి అక్కడ నెలకి 190 గంటలు పని చేసి 3,000 డాలర్లు తెచ్చుకుంటోంది. గంటకి దాదాపు 16 డాలర్లు. వాళ్ళ తమ్ముడు బరంపురంలో నెలకి 208 గంటలు చేసి 15,000 రూపాయలు తెచ్చుకుంటున్నాడు. గంటకి 72 రూపాయలు. అక్కకి డాలరున్నర కాఫీ ఆరు నిమిషాల పని. తమ్ముడికి పది రూపాయల టీ ఎనిమిది నిమిషాల పని. ఆ లెక్కన అక్క కాఫీయే చవక.

ఇప్పుడు వంటింటి కుళాయి పాడైందనుకుందాం. ప్లంబరు వచ్చి బాగుచేస్తే అక్కడ 80 డాలర్లు, ఇక్కడ 200 రూపాయలు అనుకుంటే, అక్కకి అయిదు గంటల పని, తమ్ముడికి మూడు గంటల లోపే. జాకెట్టు కుట్టు విప్పి సరిచేయడానికి 15 డాలర్లయితే ఆ అమ్మాయికి దాదాపు గంట పని. ఇక్కడ టైలరు 30 రూపాయలు తీసుకుంటే తమ్ముడికి అరగంట కూడా కాదు. చిక్కు ఇక్కడే ఉంది. అక్కడ మెషీన్ చేసే సౌకర్యం చవక, మనిషి చెయ్యి తగిలే సౌకర్యం ఖరీదు. ఇక్కడ మనిషి చెయ్యి చవక. అందుకే విదేశాల్లో పిల్లలు జుట్టు వాళ్ళే కత్తిరించుకుంటారు, కుర్చీ ముక్కలుగా తెచ్చుకుని స్క్రూలు వాళ్ళే బిగించుకుంటారు. "అంత జీతం తెచ్చుకుంటూ అంట్లు నువ్వే తోముకోవడమేమిటే?" అని తల్లి బాధపడుతుంది. ఆ బాధలో ప్రేముంది. కానీ చవగ్గా దొరికే మనిషి చెయ్యి అంటే, ఆ మనిషికి తక్కువ డబ్బు ముడుతోందన్న సంగతి కూడా అందులో దాగి ఉంది.

అద్దె మాత్రం ఏ లెక్కలో చూసినా బరువే. ఒక్క గదికి 900 డాలర్లు కడితే ఆ అమ్మాయి జీతంలో మూడో వంతుకి దగ్గర. ఆ గది ఇంటివాళ్ళతో కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక మూల. రాత్రి తొమ్మిది తర్వాత పోపు వేస్తే ఇంటివాళ్ళకి వాసన పడదు. వంట చేసుకోవాలంటే మళ్ళీ మొహమాటమే.

రాసి ఉన్న రూల్సు, రాయని రూల్సు

మొహమాటం పోయిన చోట రూలు వచ్చి కూర్చుంటుంది. ఎంఆర్‌టీలో తినడం, తాగడం నిషేధం, 500 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. ఎక్కేటప్పుడు ఆనించిన కార్డు దిగేటప్పుడు కూడా ఆనించాలి. బస్సులో అది మర్చిపోతే ఆ రూటు చివరిదాకా వెళ్ళినట్టు లెక్కగట్టి ఛార్జీ కోస్తారు. మన కండక్టరైతే "ఎక్కడ దిగుతారు?" అని అడుగుతాడు. అక్కడ ఆ ప్రశ్న మనమే గుర్తుపెట్టుకోవాలి.

హాకర్ సెంటర్లనేవి ఆ ఊరి ప్రాణం. ఒకే కప్పు కింద పదులకొద్దీ చిన్న తిండి కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. 2020లో యునెస్కో ఈ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. 2021 నుంచి తిన్న ప్లేట్లు, ట్రే మనమే తిరిగి పెట్టాలన్నది అక్కడ గట్టి నిబంధన. ఇది రాసి ఉన్న రూలు. రాయనిది ఇంకోటుంది. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ పేకెట్టు ఉందంటే ఆ చోటు ఒకరిది, వాళ్ళు తిండి తెచ్చుకోవడానికి వెళ్ళారని అర్థం. మనం బస్సు కిటికీలోంచి తుండు వేసి సీటు ఆపుకుంటాం కదా, అదే. నేను మొదటిసారి ఆ పేకెట్టు తీసి పక్కన పెట్టి కూర్చున్నాను. ఒక పెద్దాయన సూప్ గిన్నెతో వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. ఏమీ అనలేదు. నాకు తెలిసేసరికి సూప్ చల్లారిపోయి ఉంటుంది.

ఫోనులో జరిగే సౌకర్యాలకి ఇంకో గడప ఉంది. ఉద్యోగం, చదువు వంటి అనుమతి మీద ఉండే విదేశీయులకి ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు, ఫిన్ అంటారు. దాంతోనే బ్యాంకు ఖాతా, ప్రభుత్వ పనుల సింగ్‌పాస్, ఫోన్ నంబరుకి డబ్బు పంపే పేనౌ, అన్నీ తెరుచుకుంటాయి. అది చేతికొచ్చేదాకా ఆ మొదటి రోజుల్లో పెద్ద నగరం గోడలా ఉంటుంది. వచ్చాక తలుపులా ఉంటుంది. 2023 ఫిబ్రవరి 21న పేనౌని మన యూపీఐతో కలిపారు. మొదట్లో కొన్ని బ్యాంకులకే, రోజుకి 60,000 రూపాయల పరిమితితో. ఇక్కడి అమ్మానాన్నలకి ఫోనులోంచే నేరుగా డబ్బు చేరడం మొదలైంది. కానీ నెల రోజులు చూడటానికి వెళ్ళిన అమ్మకి ఫిన్ ఉండదు. కూతురికి తలుపైనది అమ్మకి గోడే.

అమ్మ వచ్చిన నెల

మా అమ్మ ఒక నెల మా దగ్గర ఉంది. మొదటి వారం కుళాయి నీళ్ళు కాచి చల్లార్చే తాగింది. అక్కడ కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు. 2003 నుంచి వాడిన నీళ్ళని కూడా శుద్ధి చేసి వాడుకునే ఏర్పాటు ఉన్న దేశం అది. అయినా అమ్మ నమ్మలేదు. నమ్మకానికి తెలిసిన మనిషి ఎవరో ఒకరు హామీ ఉండాలి ఆవిడకి.

సూపర్‌మార్కెట్ నుంచి వస్తూ లిఫ్టులో అంది: "ఏటమ్మా, పప్పు కొనీసి, ఉప్పు కొనీసి, ఒక్క మనిషితోనూ మాటాడకుండా ఇంటికొచ్చీసేమేటి?" ఆరేళ్ళలో నాకు తోచని ప్రశ్న అది.

రెండో వారం ఆవిడని టెక్కా సెంటర్‌కి తీసుకెళ్ళాను. లిటిల్ ఇండియాలో ఉన్న పెద్ద బజారు అది. కింద చేపలు, మాంసం, కూరగాయలు, తడి నేల, కేకలు. అమ్మ మొహం వెలిగింది. కొట్టు ఆయన తమిళం, ఈవిడ తెలుగు. సింగపూర్ అధికార భాషలు నాలుగు: ఇంగ్లీషు, మలయ్, చైనా వాళ్ళ మాండరిన్, తమిళం. తెలుగు లేకపోవడం అమ్మకి లోటుగా అనిపించలేదు. పర్లాకిమిడిలో కొట్ల మీద బోర్డులు ఒడియాలో ఉంటే పుట్టినప్పటి నుంచీ తెలుగులో బేరమాడిన మనిషి ఆవిడ. చేప మొప్ప ఎత్తి చూసింది, తల ఊపింది, వేళ్ళతో ధర చూపించింది, రెండు భాషల్లోనూ లేని ఒక మాట అంది. ఆయన నవ్వి, చేపతో పాటు గుప్పెడు కరివేపాకు ఊరికే ఇచ్చాడు.

మర్నాటి నుంచి అమ్మకి బస్సు నంబరు కంఠతా వచ్చేసింది. అక్కడ బస్సు ఆగాలంటే మనమే చెయ్యి చాపాలి. కాలనీలో అందరికంటే ముందు చెయ్యి చాపేది ఆవిడే. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు కార్డు, ఒక్కసారీ మర్చిపోలేదు. చేతి అలవాటు ఆవిడకి పది రోజుల్లో వచ్చింది. మనసుకి కావలసింది టెక్కాలో దొరికింది. పెద్ద నగరంలో మనుషుల సౌకర్యం లేదనుకోవడం పొరపాటని నాకు అప్పుడు తెలిసింది. అది ఉంటుంది, కానీ దారిలో తగలదు, వెతుక్కుని వెళ్ళాలి. మెషీన్ సౌకర్యం మెట్లు దిగగానే ఉంటుంది.

ఎవరి సుఖం, ఎవరి చెమట

"ఎవరూ లేకుండా అన్నీ జరిగిపోతాయి" అనిపించే చోట ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు. మెట్రో సొరంగాలు తవ్వినవాళ్ళలో, ఆ బ్లాకులు కట్టినవాళ్ళలో బంగ్లాదేశ్ నుంచి, మన దేశం నుంచి వెళ్ళిన కూలీలు వేలల్లో ఉన్నారు. చాలామంది ఊరి అంచున పెద్ద వసతి గృహాల్లో ఒక్కో గదిలో అనేకమంది ఉంటారు. 2020లో కోవిడ్ ఆ గదుల్లోనే దావానలంలా పాకింది. అప్పుడు ఆ సంగతి లోకానికి తెలిసింది. ఇళ్ళల్లో వంటకీ పిల్లలకీ ముసలివాళ్ళకీ చూసుకునే విదేశీ ఆడవాళ్ళు అక్కడ రెండున్నర లక్షలకి పైగా ఉన్నారు. వాళ్ళకి వారానికొక సెలవు రోజు అన్న నిబంధన 2013లో వచ్చింది. డబ్బిచ్చి కూడా రద్దు చేయలేని సెలవు నెలకి ఒక్కటైనా ఉండాలని 2023లో పెట్టారు.

గంజాం నుంచి సూరత్ మిల్లులకి వెళ్ళే బండ్లు చూస్తూ పెరిగిన వాళ్ళం మనం. ఒక ఊరి సుఖం వెనక ఇంకో ఊరి మనుషులుంటారన్నది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆఫీసు ఉద్యోగం మీద వెళ్ళిన పిల్లా, కట్టడం పనికి వెళ్ళిన కుర్రాడూ ఒకే విమానంలో దిగినా, వాళ్ళు చూసే సింగపూర్ ఒకటి కాదు. మొదటి ఆవిడకి ఆ నగరం సౌకర్యం. రెండో అతను ఆ సౌకర్యాన్ని తయారు చేస్తాడు.

మనుషుల మీద ఆధారపడటం మంచిదా, ఏర్పాటు మీదా?

ఈ విషయంలో రెండు గట్టి వాదనలు వినిపిస్తాయి. రెండింటినీ నేను గౌరవిస్తాను.

మొహమాటం పోవడమే స్వేచ్ఛ అన్నది మొదటిది. రాత్రి పదకొండింటికి ఒంటరిగా రైలు దిగి నడిచి ఇంటికెళ్ళే ఆడపిల్లకి, చక్రాల కుర్చీలో ఉండి ఎవరూ ఎత్తకుండానే బస్సెక్కే మనిషికి, భర్త పోయాక ప్రతి కాగితానికీ మరిదిని బతిమాలుకోనక్కర్లేని ఆవిడకి ఈ వాదన విలువ తెలుస్తుంది. మన ఊళ్ళో అడిగితే పని జరుగుతుందన్నది అందరి విషయంలో నిజం కాదు. పరిచయం ఉన్నవాళ్ళకి, పేరున్న ఇంటివాళ్ళకి, మాట నేర్చినవాళ్ళకి జరుగుతుంది. కొందరు అడిగితే గుమ్మం బయటే సమాధానం వస్తుంది. కులం చూడని మెషీన్ కొందరికి మొదటిసారి దొరికిన మర్యాద. మా నాన్నగారి అరటిపళ్ళ కథ ముచ్చటగానే ఉంటుంది, మాస్టారి గుమ్మం ఎక్కనిచ్చారు కాబట్టి.

రెండో వాదన ఇలా నడుస్తుంది. మనుషుల మధ్య ముడి పడేది అవసరంతోనే. అవసరం లేకపోతే పలకరింపు ఉండదు, పలకరింపు లేకపోతే కష్టంలో ఎవరి తలుపు కొట్టాలో తెలియదు. జ్వరం వచ్చి రెండు రోజులు గదిలో పడుకుంటే, మందులు ఫోనులో తెప్పించుకోవచ్చు, కానీ గుమ్మంలో సంచి పెట్టి వెళ్ళిపోయిన మనిషికి ఈ గదిలో ఎవరికి జ్వరమో తెలియదు. పిన్ని కూతురి గొంతు నీరసం వెనక ఉన్నది ఇదే. ఆ అమ్మాయి తర్వాత నాతో ఫోనులో చెప్పింది, శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక సోమవారం పొద్దున్న దాకా తన గొంతు తనే వినలేదట.

నాకైతే మొదటి వాదనే ఒక పాలు బరువుగా తోస్తుంది. ఒంటరితనానికి మందు వెతుక్కోవచ్చు, టెక్కా దాకా బస్సెక్కవచ్చు. గుమ్మం బయట నిలబెట్టే ఊళ్ళో ఉన్నవాళ్ళకి వెతుక్కోవడానికి కూడా చోటుండదు. అయితే సంపాదన ఉన్న వయసులో ఉన్నదాన్ని కాబట్టి నాకిలా తోస్తోందేమో. మా అమ్మ అక్కడే ఉండిపోవలసి వస్తే రెండో వాదన వైపే మొగ్గేదని అనుకుంటాను.

తిరిగొచ్చాక మొదలయ్యే రెండో అలవాటు

వెళ్ళినప్పటి ఇబ్బంది గురించి అందరూ మాట్లాడతారు. వచ్చినప్పటి ఇబ్బంది గురించి తక్కువ. పర్లాకిమిడి వచ్చిన మొదటి నెల నేను మా వాళ్ళందర్నీ బాధపెట్టాను. బ్యాంకులో వరస తప్పి ముందుకొచ్చిన పెద్దాయనని కసిరాను. ప్లంబరు పదింటికొస్తానని రెండింటికొస్తే తలుపు దగ్గరే గొడవ పెట్టుకున్నాను. అతను మెల్లగా చెప్పాడు, దారిలో ఎవరింట్లోనో పైపు పగిలి నీళ్ళు వంటింట్లోకొస్తుంటే ఆగాడట. టైము ప్రకారం నడిచే సౌకర్యంలో అతను ఆగకూడదు. మనుషులతో నడిచే సౌకర్యంలో అతను ఆగకుండా వెళ్ళకూడదు. రెండు ఏర్పాట్లకీ రెండు రకాల న్యాయాలున్నాయి. నేను ఒకదాని న్యాయంతో ఇంకోదాన్ని కొలిచాను.

పైగా ఇక్కడ కూడా కాలం నిలబడి లేదు. 2016లో వచ్చిన యూపీఐ ఇవాళ చేపల బుట్ట దాకా వచ్చింది. మహేంద్రతనయ ఏటికి అవతల, ఆంధ్రా వైపు పాతపట్నంలో కూరలు కొన్నా, ఇవతల మా బజారులో కొన్నా స్కాన్ చేస్తే సరి, చిల్లర లేదనే మాటే లేదు. చిల్లర కోసం ఆగే ఆ రెండు నిమిషాల్లో జరిగే కబుర్లు ఇక్కడా తగ్గుతున్నాయి. పిన్ని అడిగిన ప్రశ్న మెల్లమెల్లగా మన వీధి ప్రశ్న కూడా అవుతోంది.

మా కొట్టు ఆయన గాజు సీసాల పక్కన క్యూఆర్ అట్ట తగిలించాడు. డబ్బు పడగానే చిన్న పెట్టె గట్టిగా అరిచి చెబుతుంది. అయినా పద్దు పుస్తకం తీసేయలేదు. ఫోనులో డబ్బు కట్టేసినవాళ్ళ పేరు కూడా అందులో రాస్తున్నాడు. కట్టేశాక ఇంకా రాయడమెందుకని అడిగాను. "రాయకపోతే మీరీ వారం వచ్చేరో రాలేదో నాకెలా తెలుస్తాది పాపగారూ" అన్నాడు, గుడ్లు ఒక్కోటీ బల్బు వెలుగులో పెట్టి చూస్తూ.